బోర్లించలేని కాగితం

అద్దాలమ్మకు తిరగేసి రాయడం వచ్చు. ఇదీ ఒక విద్యేనా అంటారా? మీ పేరు ఒక్కసారి తిరగేసి రాసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. క్షవరం షాపు తలుపు మీదా, మందుల షాపు కిటికీ మీదా గాజుకు వెనకవైపు నుంచి రంగు వేస్తే, ముందునుంచి చూసేవాడికి అక్షరాలు తిన్నగా కనబడాలి. దానికోసం ఆమె పల్చటి కాగితం మీద అక్షరాలు రాసుకుని, ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లిస్తుంది. పైన గాజుపలక పెడుతుంది. గాజులోంచి కనబడే గీతల వెంబడి కుంచె నడిపిస్తుంది. ఆరాక పలకను తిప్పి నిలబెడితే అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో సగం షాపుల పేర్లు ఆమె చేతిమీదుగా వచ్చినవే, ఒక్క అక్షరం తిరగబడిన పాపాన పోలేదు. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయి అద్దాలమ్మను చేసి కూర్చోబెట్టారు.

ఆమెకు ఒక్కటే కోరిక. చర్చిలో ప్రసంగవేదిక వెనకున్న గోడ మీద తను వేసిన బొమ్మ ఒకటి ఉండాలి. పెళ్ళయి వచ్చిన మొదటి ఆదివారం నుంచీ మూడో బల్ల మీద కూర్చుని ఆ తెల్లగోడనే చూస్తోంది. ప్రసంగం జరుగుతున్నంతసేపూ మనసులో దాని మీద రంగులు వేస్తూనే ఉంటుంది, చివర్న ఆమెన్ అనేసరికి చెరిపేస్తుంది. ఎన్నాళ్ళని ఇలా మందుల షాపుల పేర్లు రాస్తాం, చచ్చేలోగా ఒక్కటైనా ఆ ప్రభువు కోసం వెయ్యొద్దా అని ఆమె బాధ.

మరి వెయ్యకుండా అడ్డుపడింది ఎవరు? బయటివాళ్ళెవరో అయితే బాగానే ఉండేది. సొంత మామగారే! ఆయన సంఘపెద్ద. ఆరాధనలో పాట ఎత్తుకునేదీ ఆయనే కాబట్టి సంఘంలో అందరికీ పాటల పెద్దయ్య. డెబ్బై రెండేళ్ళ వయసులోనూ గొంతెత్తితే కిటికీ రెక్కలు అదురుతాయి. మనిషి మంచివాడే. కాకపోతే పట్టుదల మనిషి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. చర్చిలో బొమ్మ పెట్టకూడదన్నది ఆయన పట్టిన కుందేలు.

ఇలాంటి మామా కోడళ్ళ మధ్య బస్సు డ్రైవరైన కొడుకు అడకత్తెరలో పోకచెక్క. "రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే పక్కకు తిప్పొచ్చు, ఇంట్లో పక్కకు తిప్పడానికి చోటేదీ?" అని వాపోతుంటాడు.

చివరికి ఆ గోడే ఆమెకు సాయం వచ్చింది. గోడలో ఎక్కడో తడి పుట్టి, వేదిక వెనక మంచమంత మచ్చ లేచింది. ఏడుసార్లు సున్నం వేశారు, ఏడుసార్లూ మచ్చ మళ్ళీ పైకొచ్చింది. జనం ప్రసంగం వినడం మానేసి దాన్ని చూడ్డం మొదలుపెట్టారు. ఒకరికి అందులో ఒంటె కనబడింది, ఇంకొకరికి పడవ. ఒక పెద్దావిడకైతే పోయిన ఆడబిడ్డ కనబడి, నడి ఆరాధనలో "అమ్మో, ఇక్కడికీ వచ్చిందా!" అని పైకే అనేసింది. ఆ దెబ్బతో పాస్టరుగారు కమిటీని పిలిచారు. సంఘంలో ఆయన్ను అయ్యగారంటారు. మెత్తటి మనిషి, ఈగను తోలాలన్నా దాన్ని అడిగి తోలతారు.

"గోడ మీద తిన్నగా వేసే రంగు తడికి నిలవదు. గాజు మీద వేసిన బొమ్మయితే నిలుస్తుంది. మన అమ్మాయే ఉంది కదా, ప్రభువును మంచి కాపరిగా చూపించే బొమ్మ ఒకటి..." అంటూ అయ్యగారు నీళ్ళు నమిలారు.

"కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడికి గోడమీద బొమ్మెందుకండీ?" అన్నాడు పెద్దయ్య.

"చెవులకు పాట ఎందుకో, కళ్ళకు బొమ్మా అందుకే మావయ్యా," అంది అద్దాలమ్మ.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దయ్య ముఖం ఎర్రబడింది.

"పాట వేరు అమ్మాయ్. పాడగానే గాల్లో కలిసిపోతుంది. బొమ్మ అలా కాదు, గోడ పట్టుకుని కూర్చుంటుంది. ఇవాళ చూస్తారు, రేపు ముట్టుకుంటారు, ఎల్లుండి దానికే మొక్కుతారు. ప్రభువుకు భయపడాల్సినవాళ్ళు కాగితానికీ గాజుకీ భయపడతారు. నేను బతికుండగా అది జరగనివ్వను."

వాదన చాలాసేపే నడిచింది. కానీ ఎనిమిదోసారి సున్నం ఎవరు వేస్తారని అడిగేసరికి అందరూ గోళ్ళు చూసుకున్నారు. అద్దాలమ్మ పెన్సిలుతో గీసి తెచ్చిన బొమ్మను బల్ల మీద పరిచింది. కాపరి కుడిచెయ్యెత్తి దీవిస్తున్నాడు. ఆ చేతివైపునే పదకొండు గొర్రెలు. ఎడమ భుజం మీద ఒక పిల్ల. ఆ ముఖం చూడ్డానికి అందరూ బల్ల మీదికి వంగారు. పెద్దయ్య కూడా చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"సరే," అన్నాడు చివరికి. "ఒక్క షరతు. కాగితం మీద ఉన్నదున్నట్టు రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గోడకెక్కదు. ఆరాధన రోజున అందరి ముందూ చూసి చెప్పేది నేనే." కమిటీ పుస్తకంలో అలాగే రాయించి సంతకం పెట్టాడు. ఇక చూసుకోండి, పరీక్ష రాసేది కోడలు, దిద్దేది మామ.

మర్నాడు పొద్దున్నే అద్దాలమ్మ పని మొదలుపెట్టింది. ఇంటి ముందు గదే ఆమె షాపు. పొడుగాటి బల్ల, దాని మీద రంగు డబ్బాలు పెట్టీ తీసీ పడ్డ గుండ్రటి మరకలు, మొగుడు టీ గ్లాసు పెట్టిన మరక ఒకటి. అలవాటు ప్రకారం కాగితాన్ని రెండు కొసలూ పట్టుకుని తిప్పబోయింది. ఆ ముఖం నెమ్మదిగా కిందికి వాలుతూ బల్లకేసి వెళ్తోంది. సరిగ్గా టీ మరక మీదికి.

చెయ్యి రాలేదు. అమ్మో, ఆయన ముఖాన్ని ఈ మురికి బల్లకేసి ఎలా అదుముతాను అనుకుంది. ముందు బల్ల తుడుద్దామని కాగితాన్ని పక్కన పెట్టి, సబ్బునీళ్ళతో తళతళలాడేలా తుడిచింది. ఆరాక కాగితాన్ని వెల్లకిలా పరిచింది, ముడతలు సరిచేసింది, దాని మీద గాజు పెట్టింది. గాజు కింద నుంచి ఆయన తిన్నగా ఆమెకేసే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ కోరిక కళ్ళ ముందు నిలబడి చూస్తుంటే బోర్లించాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

గాజుబొమ్మకు వరస తిరగబడి ఉంటుంది. మామూలు బొమ్మలో ఆఖర్న దిద్దే కంటిపాప ఇక్కడ మొట్టమొదట పడాలి, వెనకున్న ఆకాశం అన్నిటికన్నా చివర. రెండు వారాలు వేసింది. గొర్రెల ఉన్నికి నాలుగు తెలుపులు కలిపింది. అడుగున బైబిలు వచనం రాయడానికి మాత్రం వేరే కాగితం తీసుకుంది. అక్షరాలు కదా, చెయ్యి తనంతట తనే ఆ కాగితాన్ని బోర్లించేసింది. అంత పెద్ద పలకను ఆరకముందు ఎత్తి చూసే వీల్లేదు కాబట్టి అడుగువైపు ఎలా ఉందో ఆమె చూడనేలేదు.

సోమవారం పొద్దున్న రంగు ఆరింది. ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది. మొగుడు డ్యూటీకి వెళ్ళబోతూ ఒక పక్క పట్టుకున్నాడు, ఆమె ఇంకో పక్క. పలకను తిప్పి గోడకు నిలబెట్టారు. పెద్దయ్య కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అబ్బ! ఏం వేశావే!" అన్నాడు మొగుడు.

పెద్దయ్య కాఫీ తాగడం ఆపేశాడు. నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, కాగితంలో ఏ చెయ్యెత్తాడు?"

అద్దాలమ్మ చూసింది. కాపరి ఎడమచెయ్యెత్తి దీవిస్తున్నాడు. గొర్రెపిల్ల కుడి భుజానికెక్కింది. గొర్రెల మందంతా ఎడమచేతివైపుకు వెళ్ళి నిలబడింది. అడుగున వచనం మాత్రం అక్షరం పొల్లుపోకుండా తిన్నగా ఉంది.

"తీర్పు రోజున కుడివైపు ఎవరుంటారు, ఎడమవైపు ఎవరుంటారు?" అన్నాడు పెద్దయ్య. సండేస్కూల్లో పసిపిల్లల్ని అడిగినా చెప్పే సంగతే. కుడివైపు గొర్రెలు, ఎడమవైపు మేకలు. "మొత్తానికి సంఘాన్నంతా తీసుకెళ్ళి మేకల పక్కన నిలబెట్టావు."

"గొర్రెలకేం తెలుసు నాన్నా ఎడమో కుడో," అన్నాడు కొడుకు.

"నువ్వు బస్సు నడుపుతూ కూడా ఇలాగే అనుకుంటావా?"



పెద్దయ్యకు సంతోషించాలని లేదు. నిజం చెప్పాలంటే ఆశ్చర్యంగా ఉంది. "ఇరవై రెండేళ్ళలో ఒక్క కొమ్ము కూడా తిరగబడనివ్వనిదానివి, ఇదెలా జరిగింది?"

అద్దాలమ్మ దాచలేదు. "బోర్లించలేకపోయాను మావయ్యా. ఆయన ముఖాన్ని బల్లకేసి పెట్టబుద్ధి కాలేదు. తర్వాత మర్చేపోయాను."

"అదీ!" పెద్దయ్య గ్లాసును టక్కున కిటికీలో పెట్టాడు. "నేనేం చెప్పాను? కాగితానికి భయపడతారని చెప్పానా లేదా? జనం దాకా ఎందుకు, గీసినదానివి నువ్వే భయపడ్డావు! నీ పెన్సిలు గీతలకు నువ్వే!"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. బొమ్మ పాడైనందుకు కాదు, ఆయన అన్నది నిజమైనందుకు. ఇన్నాళ్ళూ వాదించి వాదించి, చివరికి ఆయన మాటకు తనే సాక్ష్యం చెప్పింది. చేతులు కాలాక ఇంక ఆకులెందుకు? గోడ పోయింది, కోరికా పోయింది. ఏడుపు వెనకాలే ఒళ్ళు మండుకొచ్చింది.

"అయితే మీరు బోర్లించండి," అంటూ కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఉత్త కాగితమేగా. పెన్సిలు గీతలేగా. కొత్త పలక ఉంది నా దగ్గర. మీరు బోర్లించి ఇవ్వండి, నేను మళ్ళీ వేస్తాను."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు పెద్దయ్య. కాగితాన్ని రెండు కొసలూ పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చాడు. అప్పటిదాకా ఆ ముఖాన్ని ఆయన అంత దగ్గరగా చూడలేదు. తిప్పబోయాడు. సగం దాకా తిప్పాడు.

చేతులు అక్కడే ఆగిపోయాయి.

పెద్దయ్య ఒకసారి గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ వంచబోయాడు. మళ్ళీ ఆగాడు.

"నాన్నా, చెయ్యి పట్టేసిందా?" అన్నాడు కొడుకు అమాయకంగా.

"నోర్ముయ్. బల్ల మురికిగా ఉంది."

"సబ్బునీళ్ళతో తుడిచిన బల్లే మావయ్యా."

"అయినా మురికిగానే ఉంది! గుడ్డేమీ లేదా ఇంట్లో?"

"ఉన్నాయి. అన్నీ రంగు తుడిచిన గుడ్డలే."

పెద్దయ్య కాగితాన్ని కోడలి చేతికిచ్చి విసవిసా లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో తెల్లచొక్కా ఉంది. ఆదివారం ఆరాధనకు తప్ప ఒంటి మీద వెయ్యని చొక్కా, ఇంకెవర్నీ తాకనివ్వని చొక్కా. దాన్ని వెనకభాగం పైకి వచ్చేలా బల్ల మీద పరిచి, చేతులు రెండూ కిందికి మడిచాడు. అప్పుడు కాగితాన్ని తీసుకుని, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు, నెమ్మదిగా ముఖం కిందికి చేసి దాని మీద పెట్టాడు.

మామా కోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత ఆయనకు. ఆయన నవ్వాపుకోవాలని చూసి, పొలమారి, కళ్ళు తుడుచుకున్నాడు.

"నవ్వింది చాలు, గాజు పెట్టు," అన్నాడు. "రెండు వారాల పని ఆరు రోజుల్లో అవ్వాలి."

ఆ ఆరు రోజులూ షాపు చూడాల్సిందే. పెద్దయ్య కుంచెలు కడిగాడు. రంగులు కలిపాడు, మొదటిరోజు తప్పు కలిపి తిట్లు తిన్నాడు. బోర్డుల కోసం వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. బేకరీ ఆయన "పెద్దయ్యా, నాది చిన్న బోర్డేనండీ" అని బతిమాలితే, "నీ రొట్టె వారం ఆగుతుంది, మా గొర్రెలు ఆగవు" అన్నాడు. పని నడుస్తున్నంతసేపూ బల్ల పక్కన స్టూలు వేసుకుని సన్నగా పాడుతూ కూర్చునేవాడు. ఆమె కుంచె ఆ పాట వరసలోనే నడిచేది. పాట ఆగితే "ఆపారేం?" అని అడిగేది.

తప్పుగా వచ్చిన మొదటి పలకను ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. బ్లేడు పెట్టి గీకేస్తే గాజు మళ్ళీ పనికొస్తుంది. ఆ మాట అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అడ్డంగా ఉందని మొగుడు దాన్ని గోడవైపు తిప్పబోతే ఇద్దరూ ఒక్కసారే "తిప్పకు!" అని అరిచారు. పాపం అతను బెదిరిపోయి చేతులు పైకెత్తేశాడు. ఆ ఎడమచేతి కాపరి అలాగే మూల నిలబడి, కుడిచేతి కాపరి తయారవుతుంటే చూస్తూ ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నానికి రంగు ఆరింది. పలకను దుప్పట్లో చుట్టి, ఆలస్యం చెయ్యకుండా నేరుగా చర్చికి పంపించేశారు. అద్దాలమ్మ నడుం వాల్చింది వాల్చినట్టే నిద్రపోయింది. బల్ల మీదున్న చొక్కాను పెద్దయ్యే తీసుకెళ్ళాడు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. వేదిక వెనక మచ్చకు ఎదురుగా ఒక బల్ల మీద పలకను నిలబెట్టి దుప్పటి కప్పారు. కొక్కేలు పట్టుకుని ఇద్దరు వడ్రంగులు సిద్ధంగా ఉన్నారు. అయ్యగారు కమిటీ పుస్తకం తెరిచి షరతు చదివి, "పెద్దయ్యా, మీరు చూసి చెప్పాలి," అన్నారు. అద్దాలమ్మ మూడో బల్ల మీద చీరకొంగు నలుపుకుంటూ కూర్చుంది. ఇంట్లో ఎంత నవ్వుకున్నా ఇది సంఘం. ఇంతమంది ముందు ఆయన ఏమంటాడో! వంకర వెంట్రుక ఒక్కటి కనబడినా వద్దనే మనిషి. అబద్ధం చెప్పడు, కోడలి కోసం అసలే చెప్పడు.

పెద్దయ్య వెనక గదిలోంచి కాగితం చేత్తో పట్టుకుని వచ్చి వేదికెక్కాడు. దుప్పటి లాగాడు. చర్చి అంతా ఒక్కసారిగా "అబ్బ!" అంది. ఆయన బొమ్మకేసి తిరిగి, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

అప్పుడు చూసింది అద్దాలమ్మ. అందరూ చూశారు. ఆ తెల్లచొక్కా వీపు మీద సన్నగా, బూడిదరంగులో కాపరి ముఖం. ఎత్తిన చెయ్యి. అక్కడక్కడా గొర్రెలు. ఆరు రోజులు పలక బరువుకు కాగితం మీది మెత్తటి పెన్సిలు గీతలన్నీ బట్టకు దిగిపోయాయి. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు గుసగుస పాకింది. అయ్యగారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దాలమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. బొమ్మే వద్దన్న మనిషి బొమ్మను మోసుకుని నిలబడ్డాడు, ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. ఎవరో ఒకరు పకాలున నవ్వారంటే ఆయన పరువూ పోతుంది, గోడా పోతుంది.

పెద్దయ్య తొందరపడలేదు. కాగితం చూశాడు, గాజు చూశాడు. వేలితో గొర్రెల్ని లెక్కపెట్టాడు. అప్పుడు ఇటు తిరిగాడు.

"కాగితం మీద ఉన్నదున్నట్టు వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు. కిటికీ రెక్కలు అదిరాయి. "వేసింది మా కోడలు. అందరికీ తెలుసనుకోండి, అయినా నా నోటితో చెప్పాలని చెబుతున్నాను. ఇక బొమ్మలంటే నాకున్న భయం పోయిందా అంటే, పోలేదు. అది నేనూ ప్రభువూ చూసుకుంటాం. మీరు గోడకెక్కించండి."

అద్దాలమ్మకు కళ్ళు నిండిపోయాయి. వడ్రంగులు పలకను ఎత్తి కొక్కేలకు తగిలించారు. ఇరవై రెండేళ్ళు ఆమె మనసులో వేసి చెరిపేసిన బొమ్మ గోడ మీద నిలబడింది. కానీ తీరిగ్గా చూసుకుందామంటే ఆ చొక్కా ఉండనిస్తేనా? లేచి గబగబా వేదిక దగ్గరకు వెళ్ళింది. పెద్దయ్య పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు.

"మావయ్యా," అంది గొంతు తగ్గించి, "మీ చొక్కా వెనకాల పెన్సిలంతా అంటుకుంది. ఆయన ముఖం కనబడుతోంది. అందరూ చూశారు. నేనే ముందు చూసుకోవాల్సింది, తప్పయిపోయింది. వెనక గదిలోకి వెళ్ళి మార్చుకోండి."

పెద్దయ్య తలెత్తలేదు. "నాకు తెలీదనుకున్నావా? నిన్న ఉతుకుదామని బకెట్టు దాకా తీసుకెళ్ళాను."

"మరి ఉతకలేదేం?"

"ముంచలేకపోయాను." ఇంకో పేజీ తిప్పాడు. "పోనీ మడిచి పెట్టెలో దాద్దామనుకున్నాను. దాచిపెడితే మొక్కినట్టవుతుంది కదమ్మాయ్. చొక్కా అన్నాక వేసుకోవాలి, అందుకే వేసుకొచ్చాను. వెళ్ళి కూర్చో, పాట ఎత్తుకోవాలి."

ఆమె వెళ్ళి మూడో బల్ల మీద కూర్చుంది. పెద్దయ్య పాట ఎత్తుకున్నాడు.